మన దేవాలయ పునరుద్ధరణ: 1 ఏప్రిల్ 2024 నుంచి 31 మార్చి 2025 వరకు జమా ఖర్చుల వివరణ

మన విచారణ (పారిష్)లోని 412 కుటుంబాలకు, ఉపగ్రామాల సంఘాలకు, కానుకలు పంపిన శ్రేయోభిలాషులకు పునరుద్ధరణ సమితి వందనాలు. విశ్వాసులు ఇచ్చిన డబ్బుకు విశ్వాసులకే లెక్క చెప్పాలని కతోలిక సభ నియమావళి అయిన కానన్ చట్టం 1287 చెబుతోంది. ఒక పని కోసం ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267 చెబుతోంది. ఈ రెండింటికీ కట్టుబడి లెక్క రాశాం. సమితిలో లేని ఇద్దరు విచారణ సభ్యులు ప్రతి ఓచరునూ బ్యాంకు పుస్తకంతో సరిచూశారు.

ముందుగా జమ. పాత భవన నిధి నిల్వ 3,12,400 రూపాయలు. కుటుంబానికి 5,000 చొప్పున అనుకున్న చందాలో 338 కుటుంబాలు పూర్తిగా కట్టాయి: 16,90,000. మరో 41 కుటుంబాలు కొంత కట్టాయి: 1,06,500. మిగిలిన 33 కుటుంబాల పేర్లు బోర్డు మీద రాయం, పూజలో చదవం. పంట పోయిన ఇంటికి, ఆసుపత్రి ఖర్చులున్న ఇంటికి గుడి అప్పులవాడు కాకూడదు. మేత్రాసనం (బిషప్ గారి పాలనా ప్రాంతం) సాయం 5,00,000. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రత్యేక కానుక మొత్తం 2,18,350. పాత ఇనుము, పుచ్చిన కలప, విరిగిన పెంకుల అమ్మకం 47,200. బ్యాంకు వడ్డీ 11,840.

ఫలానా పనికే అని ఇచ్చిన కానుకలు మూడు: కప్పుకు 3,25,000, గంటకు 60,000, సిలువమార్గం 14 స్థలాల పటాలకు 1,40,000. కప్పు కానుక విదేశాల్లో పనిచేస్తున్న మన ఊరివాళ్ళది. వాళ్ళంతా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, సొంత జీతం నుంచి బ్యాంకు ద్వారా పంపారు కాబట్టి తీసుకోగలిగాం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే అది చట్టప్రకారం విదేశీ విరాళం. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న ఖాతాలోనే తీసుకోవాలి. మన విచారణ ఖాతాకు ఆ అనుమతి లేదు. ఆప్యాయంగా ఇస్తామన్నా కాదనాల్సి వచ్చింది. వారు మనసు కష్టపెట్టుకోవద్దని మనవి.

మొత్తం జమ: 34,11,290.

ఇక ఖర్చు. "జమ ముప్పై లక్షలు దాటింది, గుడి చూస్తే కొత్తగా లేదేం?" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనపడని చోట్లకే వెళ్ళింది: పెంకుల కింద, పూత వెనుక, పునాది పక్కన. రంగులు ముందు వేసి ఇవి వదిలేస్తే రెండు వానాకాలాల్లో రంగూ పోయేది.

కప్పుకు అయింది 7,91,800. పొడవు 90 అడుగులు, వెడల్పు 32 అడుగుల గుడికి చూరుతో కలిపి రెండు వాలులూ సుమారు 4,040 చదరపు అడుగులు. చదరపు మీటరుకు 15 చొప్పున 5,600 బెంగుళూరు పెంకులు పట్టాయి. దించిన వాటిని ఒక్కొక్కటిగా తట్టి చూసి, కంగుమన్న 3,400 తిరిగి వాడాం. కొత్తవి 2,500 కొన్నాం, అందులో 300 సామాన్ల గదిలో దాచాం. పెంకులు, కొప్పు పెంకులు, రవాణా కలిపి 1,29,000. రీపర్లు (పెంకులు ఆనే సన్న కర్రలు) మొత్తం మార్చాం: మద్ది కర్ర 54 ఘనపుటడుగులు, 1,08,000. వాసాల్లో 22 మాత్రమే పోయాయి. వాటికి టేకు 33 ఘనపుటడుగులు, 1,15,500. వడ్రంగుల కూలి 2,40,000, పరంజా అద్దె 72,000, చూరు కాలువలు 41,300.

మిగిలిన 86,000 రెండు ట్రస్సులకు (కప్పును మోసే పెద్ద కర్ర చట్రాలకు). వీటి కొసలు గోడలోకి వెళ్ళేచోట గుల్లబారి, వేలు పెడితే పొడి రాలింది. వెనకటి మరమ్మతులో కర్ర కొస చుట్టూ సిమెంటు గట్టిగా కూరారు. గాలి ఆడని కర్ర చెమ్మ పీల్చి లోపలే కుళ్ళింది. పుచ్చిన మేర కోసి, పాత టేకుకు కొత్త టేకు ఏటవాలుగా అతికి, రెండు పక్కలా 8 మి.మీ. ఇనుప పలకలు, 16 మి.మీ. బోల్టులు బిగించాం. ఈసారి కొస చుట్టూ గాలికి సందు వదిలాం. ఆ సందును ఎవరూ పూడ్చవద్దు.

గోడలకు 5,86,800. దీని మీదే ఎక్కువ చర్చ జరిగింది. మన గుడి ఇటుకలు డంగు సున్నంతో కట్టినవి. మధ్యలో ఎప్పుడో కింది భాగమంతా సిమెంటు పూశారు. నేల చెమ్మ ఇటుకలోకి ఎక్కుతుంది. సున్నం పూత ఉంటే ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని ఆపేస్తే ఇంకా పైకి ఎక్కి, ఉప్పు పొక్కులై పెచ్చులూడుతుంది. అందుకే తెల్లటి చౌడు మరక ఏటేటా పైకి పాకుతూ సిలువమార్గం పటాల దాకా వచ్చింది. లోపలా బయటా అయిదడుగుల ఎత్తున, పడమటి గోడ బయటివైపు పూర్తిగా, మొత్తం 3,600 చదరపు అడుగుల పాత పూత కొట్టించాం. చదరపు అడుగుకు 18 రూపాయల లెక్కన 64,800. కొత్త సున్నం పూత 145 చొప్పున 5,22,000. సిమెంటు అయితే దాదాపు సగానికే అయ్యేది, నిజమే. కానీ రోగం అదే.

సున్నం పిడుగురాళ్ల బట్టీల నుంచి తెచ్చిన రాతి సున్నం, రెండు టన్నులు. గుంటలో మూడు వారాలకు పైగా నాననిచ్చి, జల్లెడ పట్టి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళు ఇసుక వేసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళతో కలిపారు. దక్షిణపు గోడ మీద తొలి పూతలో శనగగింజంత గుంటలు పడ్డాయి. నానని పలుకులు పూతలో ఉండిపోతే తర్వాత తడి తగిలి ఉబ్బి పేలతాయి. ఆ భాగం మేస్త్రి తన ఖర్చుతోనే మళ్ళీ పూశారు. ఒక్కో పూత 12 మి.మీ. మించకుండా, వారం విరామంతో, ఎండ తగలకుండా తడి గోనెలు కట్టి వేశారు.

పగుళ్ళకు మూలం మన నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, గోడ దానితోపాటు కదులుతుంది. పగుళ్ళలో సిమెంటు నింపితే పక్కనే ఇంకొకటి వస్తుంది. మూడు పెద్ద పగుళ్ళ వెంట పాత ఇటుకలు తీసి, అడ్డంగా కొత్త ఇటుకలతో కుట్టుకుంటూ వచ్చారు: 94,600. నేల తడి ఏడాది పొడుగునా ఒకేలా ఉండేందుకు గుడి చుట్టూ అయిదడుగుల వెడల్పు చప్టా (1,320 చదరపు అడుగులు, 1,98,000), దాని అంచున 260 అడుగుల కాలువ (1,35,200) కట్టించాం. చప్టాకు, గోడకు మధ్య తారు నింపిన సందు ఉంది. నేల లేచినప్పుడు చప్టా గోడను నెట్టకుండా అది కాపాడుతుంది.

చెదల మందు 38,500: గోడ, నేల కలిసేచోట అడుగుకొక రంధ్రం చేసి, లీటరు క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీకి 19 లీటర్ల నీళ్ళు కలిపి, రంధ్రానికి లీటరు చొప్పున పోశారు. కరెంటు పని 2,86,400: పై తొడుగు పోయిన పాత వైర్లు తీసి రాగి వైరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు), రెండు ఎర్త్ గుంటలు. గంట గోపురానికి పిడుగు నిరోధకం 62,500. నేలలో విరిగిన నాపరాళ్ళ మార్పు 64,300. లోపల మూడు చేతులు సున్నం 1,18,000. తలుపులు, కిటికీలు 97,500. గంట ఇరుసు, బేరింగులు 52,700. ఇంజనీరు రుసుము 60,000. పూజకు తాత్కాలిక రేకుల షెడ్డు 1,06,000. నీళ్ళు, శిథిలాల తరలింపు, కాపలా 83,450. రసీదు పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలు 9,640.

నాపరాళ్ళ మీద విట్రిఫైడ్ టైల్స్ వేయమని కోరినవారికి ఒక్క మాట: నేలను టైల్స్‌తో మూస్తే అక్కడి చెమ్మ గోడల్లోకే మళ్ళుతుంది. గోడల మీద పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

మొత్తం ఖర్చు: 27,85,390. మిగులు: 6,25,900.

బ్యాంకు పుస్తకంలో మాత్రం 6,67,240 కనబడుతుంది. తేడా 41,340 మనది కాదు. గోడల మేస్త్రి బిల్లులోనూ, వడ్రంగుల కూలిలోనూ 5 శాతం చొప్పున ఒక వానాకాలం గడిచేదాకా ఆపిన మొత్తం అది. కారడం, పేలడం లేకుంటే వారికి ఇచ్చేస్తాం. చేతిలో నగదు లేదు. పదివేలు దాటిన ప్రతి చెల్లింపూ రెండు సంతకాల చెక్కుతోనే జరిగింది. మేస్త్రీల బిల్లుల్లో 1 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాం.

మిగులులో 1,40,000 సిలువమార్గం పటాలవి, 7,300 గంటవి. వీటిని వేరే పనికి ముట్టుకోం. పటాల పని మొదలుపెట్టకపోవడానికి కారణం, కొత్త పూత ఒక ఏడాది పూర్తిగా ఆరితే తప్ప గోడకు మేకులు కొట్టకూడదు.

ఇక వాడుకోగలిగింది 4,78,600. గోడ కదిలితే విరిగి తెలిసేలా, కుట్టిన మూడు పగుళ్ళ మీదా గాజు ముక్కలు అతికించాం. రెండు చెక్కుచెదరలేదు. పడమటి గోడ మీది గాజు ఫిబ్రవరిలో విరిగింది. అక్కడికి 12 అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు వేసవిలో పునాది దగ్గరి తడి లాగేస్తోందని ఇంజనీరు తేల్చారు. చెట్టు కొట్టకుండా, చెట్టుకూ గోడకూ మధ్య ఆరడుగుల లోతు కందకం తీసి వేర్లు రాకుండా అడ్డుగోడ కట్టాలని సూచించారు. అంచనా 1,10,000. విచారణ సలహా సంఘం ఒప్పుకుంటే వానలకు ముందే ఆ పని చేయిస్తాం. మిగతాది కదపకుండా ఉంచి, వచ్చే వేసవిలో గాజు ముక్కలు చూశాకే మైకులు, కొత్త బెంచీల మాట ఎత్తుదాం.

ఓచర్లు, కొలతల పుస్తకం, బ్యాంకు పుస్తకం విచారణ కార్యాలయంలో ఉన్నాయి. ఆదివారం రెండో పూజ తర్వాత ఎవరైనా వచ్చి చూడవచ్చు. మీ రసీదుకూ మా లెక్కకూ తేడా కనబడితే రసీదు తెచ్చి చూపండి, అక్కడే సరిచేస్తాం.

ఇట్లు,
దేవాలయ పునరుద్ధరణ సమితి