ఆ మాస్క్ దెయ్యం బొమ్మ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో అమెజాన్ అడవుల మీద వచ్చిన కథనంలో ఒక చెక్క ముఖం ఫొటో వేసి, కింద 'ఆటవికుల దెయ్యం మాస్క్' అని రాశారు. అది తికునాలు అనే ఆదివాసులది. వాళ్ల పేరు కూడా రాయకపోవడం చాలా బాధనిపించింది. బ్రెజిల్, కొలంబియా, పెరూ కలిసే చోట అమెజాన్ ఒడ్డున ఉంటారు వాళ్లు, ఒక్క బ్రెజిల్‌లోనే 50 వేలకు పైగా ఉన్నారు, సొంత భాష ఉంది.

ఆ మాస్క్ దేనికో చెబితే మన ఇళ్లలో ఆడవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుకలోది అది. పిల్లను కొంతకాలం విడిగా మరుగులో ఉంచుతారు, తర్వాత చుట్టాలందర్నీ పిలిచి పండగ చేస్తారు, ఒంటికి ఒక కాయ రసం పూస్తే అది నల్లగా తేలుతుంది. అప్పుడే మాస్కులవాళ్లు ఆడుతూ వస్తారు. అడవిలోనూ గాలిలోనూ ఉండే శక్తులకు రూపాలవి, ఆ సమయంలో పిల్లకు వాటివల్ల ప్రమాదమని నమ్మకం. కొన్నిటికి ముఖం బాల్సా చెక్కలో చెక్కుతారు, చాలా తేలిక, మన పిల్లలు విమానం మోడళ్లకు కొనే చెక్కే. ఒళ్లంతా కప్పే అంగీ మాత్రం చెట్టు లోపలి బెరడును కొట్టి కొట్టి గుడ్డలా సాగదీసింది. ఇంత పని ఉంది దాని వెనక!

పాత పద్ధతిలో ఆ పిల్ల జుట్టు కూడా పీకేసేవారు, అది నాకు కష్టంగానే అనిపిస్తుంది, కాదనను. కానీ ఇక్కడ మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో కూడా సమర్త అంటే పిల్లను చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటాళ్లను పిలిచి దిష్టి తీస్తూనే ఉన్నాం కదా. మనది వేడుక, వాళ్లది దెయ్యాల ఆటా?

చేర్యాల మాస్క్ ఫొటో వేసి ఏ విదేశీ పత్రికైనా ఇలాగే రాస్తే మనం ఊరుకోం. తికునాలూ ఊరుకోలేదు, 1991లో బ్రెజిల్‌లోని బెంజమిన్ కాన్‌స్టంట్ పట్టణంలో మగూతా అని సొంత మ్యూజియమే పెట్టుకున్నారు. 2018లో రియో నేషనల్ మ్యూజియం తగలబడినప్పుడు అక్కడున్న తికునా సామగ్రి కూడా పోయింది, కాబట్టి ఇలాంటి చోటు ఇంకా ముఖ్యం.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి, తికునా అన్న పేరుతో, ఆ వేడుక గురించి రెండు ముక్కలతో. ఇంకో మాట, ఇక్కడ ఇంటీరియర్ షాపుల్లో 'ట్రైబల్ మాస్క్' అని అమ్ముతుంటారు, కొనేవాళ్లు ఎవరు చేసింది, ఎక్కడిది అని అడగండి, చెప్పలేకపోతే కొనకండి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు