ఒగ్గు కథకు క్లిక్కు పనికిరాదు

సంపాదకులకు,

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్లను పోలుస్తూ మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. ఎందులో ఎన్ని లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే సిద్ధపు సంగీత ముక్కలు) ఉన్నాయి, ఎన్ని వాద్యాల ధ్వనులున్నాయి అన్నదాన్నిబట్టే మార్కులు వేశారు. దేవరకొండలో చిన్న రికార్డింగు గది నడుపుతున్న నాకు ఆ లెక్క అక్కరకు రాలేదు. నా దగ్గరకు వచ్చేది ఒగ్గు కళాకారులు, భజన బృందాలు, బతుకమ్మ పాడే ఆడవాళ్లు. డోళ్లు, తాళాలు వాళ్లే తెచ్చుకుంటారు.

కథ వేడెక్కేకొద్దీ డోలు పరుగు పెంచుతుంది. చెవిలో క్లిక్కు, అంటే లయ తప్పకుండా సమానంగా కొట్టే టిక్ టిక్ చప్పుడు, పెట్టి ఆ పరుగును ఆపితే ఒగ్గు కథలో మిగిలేదేమిటి? ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని వార్ప్ సౌకర్యం రికార్డింగును ప్రాజెక్టు లయకు సర్దుతుంది. నృత్య సంగీతానికి అది వరమే, మాకు మాత్రం ముందుగా ఆపేయవలసిన మీట. ఎఫ్ఎల్ స్టూడియో బీట్లు అల్లేవారికి హాయి. నేను రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్ (తాళం లెక్కన గీసిన గడులు) తీసేసి, నిమిషాలు సెకన్ల కొలతతో, డోలును, గొంతును, తాళాలను వేర్వేరు ట్రాకుల్లో పట్టుకుంటాను. ఒక్క మైకుతో భజన రికార్డు చేసేవారికి ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు.

‘అన్నీ ముందుగా ఉచితంగా వాడిచూడవచ్చు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అసలు తేడా అక్కడే ఉంది. రీపర్‌ను 60 రోజులు పూర్తిస్థాయిలో వాడుకోవచ్చు. తర్వాత వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌కు గడువు లేదు కానీ, దాచుకున్న ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు. సగం పాట చేసి రేపు చూద్దామని మూసేసే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలి. లేకపోతే పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే దొంగ కాపీల దారి పడతారు, వైరస్ ఊరికే వస్తుంది.

ఇంకొకటి. వంత పాడేవారు ఆలస్యంగా అందుకున్నారని కోప్పడేముందు బఫర్ చూడాలి, అంటే కంప్యూటరు ధ్వనిని ముందుకు పంపేముందు కాసేపు పోగుచేసి ఉంచే చోటు. అది పెద్దదైతే పాడేవారి చెవికి ధ్వని ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసేటప్పుడు, అంటే 44,100 హెర్ట్జ్ వద్ద, 1024 శాంపిళ్ల బఫర్ ఒక్కవైపే దాదాపు 23 మిల్లీసెకన్లు తింటుంది, 128కి తగ్గిస్తే 3. దీనికి సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు, సౌండ్ డ్రైవర్‌ను, అంటే కంప్యూటరును సౌండ్ కార్డుతో కలిపే ప్రోగ్రామును, చూసుకోవాలి.

మరోసారి పోల్చేటప్పుడు ఒక ఒగ్గు బృందాన్ని కూర్చోబెట్టి, మామూలు ల్యాప్‌టాప్ మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించండి.

– ఒక రికార్డింగు గది నిర్వాహకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా