మంత్రిగారూ, ఇంకో కొత్త లైసెన్సు మాత్రం వద్దు

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

ప్రభుత్వం డబ్బు పెట్టి రాయించిన సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను అందరికీ ఇవ్వాలన్న ఆలోచన మంచిది. నా టెన్షనంతా దాని వెనకాలే వచ్చే రెండో ఆలోచన గురించి. "మన అవసరాలకు తగ్గట్టు మనమే ఒక లైసెన్సు రాసుకుందాం" అంటారే, అది. లైసెన్సంటే, ఆ కోడ్‌ను ఎవరు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే కాగితం. కాగితం మీద చదివితే అందులో తప్పేమీ కనిపించదు. ఆ కోడ్‌ను ఇంకొకరి లైబ్రరీతో, అంటే వాళ్లు ముందే రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌తో, కలపబోయిన రోజున తెలుస్తుంది.

నాకూ అలాగే తెలిసింది. కొన్నేళ్ల కిందట మా చిన్న టీమ్ ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ తయారుచేసింది. విడుదల రెండు రోజుల్లో ఉందనగా, లోపల వాడిన లైబ్రరీల లైసెన్సులన్నీ ఒక ఫైల్లోకి చేర్చే పని నా మీద పడింది. మేం ఏరికోరి తెచ్చుకున్నవి పదకొండే. అవి తమ వెంట లాక్కొచ్చినవి, వాటి కింద మళ్లీ లాక్కొచ్చినవి కలిపితే రెండు వందలు దాటాయి. సాయంత్రానికి ఒకచోట ఆగిపోయాను. ఫాంట్లు చదివే ఓ బుల్లి లైబ్రరీ జీపీఎల్ 2 కింద ఉంది. తన కోడ్ కలిసిన ప్రోగ్రామ్‌ను బయటికి ఇస్తే మొత్తం తన షరతుల కిందే ఇవ్వాలనే లైసెన్సు అది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అపాచీ 2.0 అనే మరో లైసెన్సు కింద ఉంది. రెండూ ఓపెన్ సోర్సే, అంటే ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కోడే. కానీ రెండింటినీ ఒకే ప్రోగ్రామ్‌లో లింక్ చేసి బయటివాళ్లకు ఇవ్వడం కుదరదు.

కారణం మరీ బ్రహ్మపదార్థమేం కాదు. 1991 నాటి జీపీఎల్ 2లో ఆరో సెక్షన్, కోడ్ అందుకున్నవాళ్ల మీద ఇందులో లేని కొత్త ఆంక్షలేవీ పెట్టకూడదంటుంది. 2004 నాటి అపాచీ 2.0లో ఒక పేటెంటు షరతు ఉంది. ఈ కోడ్ నా పేటెంటును ఉల్లంఘించిందని ఎవరైనా కేసు వేస్తే, ఈ కోడ్‌కు సంబంధించి వాళ్లకు దక్కిన పేటెంటు హక్కులు రద్దవుతాయి. నన్నడిగితే న్యాయమైన షరతే. కానీ జీపీఎల్ 2 లెక్కలో అది అదనపు ఆంక్ష. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పేదీ ఇదే. 2007లో జీపీఎల్ 3 తెచ్చినప్పుడు ఈ పేచీ తీర్చారు. అపాచీ కోడ్‌ను జీపీఎల్ 3 ప్రోగ్రామ్‌లో కలపొచ్చు, అప్పుడు మొత్తం ప్రోగ్రామ్ జీపీఎల్ 3 కిందికి వస్తుంది. అటునుంచి ఇటు దారి లేదు. జీపీఎల్ కోడ్ తెచ్చుకుని మాది ఇంకా అపాచీయే అంటే చెల్లదు.

కాబట్టి మాకు మిగిలిన ఆశ ఒక్క వాక్యం. జీపీఎల్ 2 వాడేవాళ్లు చాలామంది ఫైలు మొదట్లో "వెర్షన్ 2, లేదా మీ ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతి ఏ వెర్షనైనా" అని రాస్తారు. అదుంటే వెర్షన్ 3 ఎంచుకుని బయటపడొచ్చు. ఆ రాత్రి కూర్చుని ఆ లైబ్రరీలో ఒక్కో ఫైలూ తెరిచాను. దాదాపు అన్నిట్లో ఉంది. నాలుగు ఫైళ్లలో లేదు. అవి ఇంకెవరో రాసి ఇచ్చినవి, "వెర్షన్ 2 మాత్రమే" అని స్పష్టంగా ఉంది. తర్వాతి వెర్షన్‌కూ ఒప్పుకోమని అడుగుతూ వాటిని రాసినాయనకు మెయిల్ పెడితే, అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చింది. మా కోడ్ మొత్తాన్ని జీపీఎల్ కింద ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు, అయినా చేసేదేమీ లేకపోయింది. ఆ నాలుగు ఫైళ్ల పని చేసే కోడ్ మళ్లీ మొదట్నుంచి రాసుకున్నాం. విడుదల ఆరు వారాలు వెనక్కి పోయింది.

ఆఫీసులోపల వాడుకున్నంతకాలం ఈ గొడవ రాదు. విడివిడి ప్రోగ్రాములను ఒకే డిస్కులో పెట్టి పంచినా రాదు. ఒకదాన్నొకటి లోపలికి కలుపుకున్న కోడ్‌ను బయటికి ఇచ్చినప్పుడే వస్తుంది. మీరు చేయబోయేది సరిగ్గా అదే కదా.

ఇప్పుడు సొంత లైసెన్సు సంగతి. నాసా తన కోడ్ కోసం సొంతంగా ఓపెన్ సోర్స్ అగ్రిమెంట్ రాసుకుంది. దాని 1.3 వెర్షన్ ప్రకారం, ఎవరైనా మార్పులు చేస్తే ఆ మార్పులు వాళ్ల సొంత సృష్టి అయి ఉండాలి. వినడానికి ఎంత నిజాయితీగా ఉందో చూడండి. కానీ ఇంకొకరి స్వేచ్ఛా కోడ్ తెచ్చి అందులో కలిపితే అది "సొంత సృష్టి" కాదుగా! ఆ ఒక్క మాట వల్లే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోలేదు. అంత పెద్ద సంస్థకే ఒక మాట దగ్గర కాలు జారింది.

ప్రభుత్వ ముసాయిదాల్లో ఇంకో ప్రమాదం, ఎవరో ఒక అధికారి చివర్లో "ప్రజాహితానికి విరుద్ధంగా వాడరాదు" అని చేర్చడం. జేసన్ (JSON) అనే డేటా ఫార్మాట్ కోడ్‌కు పెట్టిన లైసెన్సులో ఇలాగే మంచికి వాడాలి, చెడుకు కాదు అని ఒక వాక్యం పెట్టారు. దాంతో డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల లాంటివాళ్లు ఆ కోడ్‌నే దూరం పెట్టారు. మంచేదో చెడేదో తేల్చేదెవరు? జీపీఎల్‌కు అదీ అదనపు ఆంక్షే.

సొంతంగా రాసుకోక తప్పదనుకుంటే ఐరోపా సమాఖ్య ఏం చేసిందో చూడండి. 2017లో వచ్చిన వాళ్ల సొంత లైసెన్సు ఈయూపీఎల్ 1.2లో, ఏయే లైసెన్సులతో కలపొచ్చో పేర్లతో సహా అనుబంధంగా ఇచ్చారు. అయినా, నా మాట వినండి, రాయొద్దు. అపాచీ 2.0 తీసుకోండి, లేదా షరతులు ఇంకా తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్సు. మార్పులు చేసి పంచేవాళ్లు ఆ కోడ్ కూడా బయటపెట్టాలనుకుంటే జీపీఎల్ 3, "ఆ తర్వాతి వెర్షనైనా" అన్న మాట మరవకుండా.

కాంట్రాక్టర్లతో ఒప్పందంలోనూ ఒక షరతు పెట్టండి. సాఫ్ట్‌వేర్ అప్పగించేటప్పుడే అందులోని ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు ఎస్‌పీడీఎక్స్ పద్ధతిలో (సాఫ్ట్‌వేర్‌లో ఏమేం ఉన్నాయో జాబితా రాసే పద్ధతి అది) ఇవ్వాలి. అది 2021లో ఐఎస్ఓ 5962 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది కూడా. పైకి కనిపించే పదకొండూ కాదు, అడుగున ఉన్న రెండు వందలూ ఆ జాబితాలో ఉండాలి. అది అందేదాకా చివరి బిల్లు ఆపండి.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్