మేమిద్దరం ఒకే స్కూటీ మీద వాయిదాకు వస్తున్నాం, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రిగారికి,

గుంటూరు కొత్తపేటలో ఏడుగురితో చిన్న ల్యాబ్ నడుపుతున్న ఒకావిడ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మా దగ్గర పనిచేసే అమ్మాయి నష్టపరిహారం కేసు గురించి మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు కార్డులు కూడా తిరిగొచ్చాయి. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. పదకొండో రోజున ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకూ చెబితే సంతోషిస్తాం కదా. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా దగ్గర రక్తం తీసే అమ్మాయికి 2024 ఆగస్టులో సూది గుచ్చుకుంది. వెంటనే చెయ్యి కడుక్కుని, రిజిస్టర్‌లో టైముతో సహా రాసి, మళ్లీ పనిలో పడింది. చేరి అప్పటికి నెలన్నర. హెపటైటిస్ బి టీకా ఒక్క డోసే పడింది. రెండో డోసు ఆలస్యం చేసిందీ, గుచ్చుకున్న రోజే జబ్బు అంటకుండా వేసే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ చేయించకపోయిందీ నేనే. ఆ మాట కేసు వినే అధికారి ముందు కూడా ఒప్పుకున్నాను. నవంబర్‌లో పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో, తర్వాత మూడు నెలలు ఇంట్లో. బిల్లులో సగం నేను కట్టాను, మిగతా సగానికి వాళ్లమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

పది మంది లేరు కాబట్టి మాకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వ బీమా, లేదు. అందుకే ఏటా ప్రీమియం కట్టి ఉద్యోగుల నష్టపరిహారం పాలసీ తీసుకుంటున్నాను. రెన్యూవల్ ఒక్క రోజు ఆలస్యమైతే మూడు ఫోన్లు చేసే కంపెనీ, క్లెయిమ్ పెట్టగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. సూది మీ ల్యాబ్‌లోనే గుచ్చుకుందని రుజువేది? రిజిస్టర్ చూపించాం. సీసీ కెమెరా ఫుటేజీ కావాలన్నారు. రక్తం తీసే గదిలో కెమెరా పెడితే పేషెంట్లు ఊరుకుంటారా? పోనీ ఆ పేషెంటు రిపోర్టు తెమ్మన్నారు. పేషెంటు రిపోర్టు మూడో మనిషి చేతికిచ్చే ల్యాబ్ ఏదైనా ఉంటే ముందు దాన్ని మూయించండి. చివరికి ఆ అమ్మాయిని పిలిచి, ఒంటి మీద పచ్చబొట్టు ఉందా, ఇంకేమైనా ‘అలవాట్లు’ ఉన్నాయా అని అడిగారు. పెళ్లి కావాల్సిన పిల్ల. ఆ రోజు నుంచి వాళ్లింట్లో సంబంధాల మాట ఎత్తడం లేదు.

చట్టం మీకు తెలియదని కాదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో మూడో షెడ్యూలు ‘ఎ’ భాగం తెరిస్తే మొదటి పద్దే ఆస్పత్రి, ల్యాబ్ పనుల్లో అంటుకునే జబ్బులు. సెక్షన్ 3(2) ప్రకారం అది పని వల్ల వచ్చినట్టే లెక్క. కాదనేవాళ్లు కాదని రుజువు చేసుకోవాలి. మరి రెండు కాళ్లూ అరిగేలా రుజువుల కోసం తిరుగుతున్నది మేమెందుకు?

అదే చట్టంలో 25ఎ సెక్షన్ ఇలాంటి కేసు మూడు నెలల్లో తేల్చమంది. మీ శాఖ అధికారి దగ్గర మాకు తొమ్మిది వాయిదాలు అయ్యాయి. కాగితాల్లో ఆ అమ్మాయి దరఖాస్తుదారు, నేను ఒకటో ప్రతివాది, కంపెనీ రెండో ప్రతివాది. వచ్చేటప్పుడు మాత్రం దరఖాస్తుదారు ఒకటో ప్రతివాది స్కూటీ వెనక కూర్చుని వస్తుంది. టిఫిన్ కూడా కలిసే తింటాం. ఒకసారి కంపెనీ వకీలు రారు, ఒకసారి ఫైలు కనబడదు, ఒకసారి సారు మీటింగులో ఉంటారు. 2025 నవంబర్ 21న ఆ పాత చట్టం స్థానంలో కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాక ఇంకో సాకు దొరికింది: మాది పాత చట్టమో కొత్త చట్టమో చూడాలట. చూడండి. సూది మాత్రం 2024లోనే గుచ్చుకుంది.

ఇంకో విచిత్రం. పరిహారం నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే ఆపైన పెనాల్టీ. ఆ పెనాల్టీ పడేది యజమాని మీద, అంటే నా మీద, కంపెనీ మీద కాదు. ఆలస్యం ఒకరిది, టెన్షన్ ఇంకొకరిది.

పాలసీ తీసుకునే రోజుల్లో పక్క వీధి ల్యాబ్ ఆయన నవ్వాడు. ‘ఎందుకమ్మా ఇవన్నీ, ఏమన్నా అయితే పదివేలు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తే పోలా’ అన్నాడు. అప్పుడు ఆయన్ని కడిగేశాను. ఈ మధ్య ఎదురైతే నేనే తల దించుకుని పోతున్నాను.

అయ్యా, ఏదో ఒకటి చెయ్యండి. ఆ కంపెనీని పిలిచి అడుగుతారో, మీ వాళ్లనే అడుగుతారో మీ ఇష్టం. మాలాంటి ల్యాబులు, ఫిజియోథెరపీ సెంటర్లు, ఎక్స్‌రే గదులు ఈ ఒక్క కొత్తపేటలోనే ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అందులో రోజూ సూదులు పట్టుకునే పిల్లలున్నారు. పిల్లకి గాజులు విడిపించే డబ్బులైనా ముందు ఇప్పించండి, మిగతా లెక్క తర్వాత చూసుకుందాం.

వచ్చే వాయిదా 18వ తేదీ, ఉదయం పదిన్నరకి. మీరు రానక్కర్లేదు. ఫైలు వస్తే చాలు.

ఇట్లు,
ఒకటో ప్రతివాది