శుక్రవారం కృతజ్ఞతా కూడిక

ప్రభువు నామమున అందరికీ వందనాలు. ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనను కృతజ్ఞతా కూడికగా జరుపుకుందాం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబాల మీద ప్రార్థిస్తూ గడిపిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ముందు వాళ్ల సాక్ష్యాలే విందాం. పరుపులు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినా, పడవలో వచ్చిన పాల ప్యాకెట్టు చేతికందగానే "స్తోత్రం ప్రభువా" అన్నవాళ్లు వాళ్లు.

"పది మందికి పంపితే కీడు తొలగుతుంది" అనే సందేశాలు దయచేసి ఈ గ్రూపులో పెట్టకండి. యేసయ్య మనకు తాయెత్తు కాదు. యోహాను సువార్త 17వ అధ్యాయం చదివి రండి. సిలువకు ముందు ఆయన తన శిష్యులను లోకంలో నుంచి తీసుకుపొమ్మని తండ్రిని అడగలేదు, దుష్టుని నుంచి కాపాడమని వేడుకున్నాడు. వరద రాదని అందులో మాట ఇవ్వలేదు. వచ్చినా భయమూ పగా మనల్ని ఏలవని నా నమ్మకం. చింతపడక కృతజ్ఞతతో విన్నవించుకోమని ఫిలిప్పీయులకు రాసినప్పుడు పౌలు ఉన్నది సంకెళ్లలో, గుర్తుందా?

ప్రార్థన తరువాత భోజనాలు ఉన్నాయి. కృష్ణలంక వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లకు ఆటో మాట్లాడుతున్నాం, కావలసినవారు గురువారం లోపు పేర్లు రాయండి.