కరవు ఏడాదిలోనూ వరద వస్తుంది: కృష్ణా జలాశయాల నియమాలు మార్చండి

గౌరవనీయులైన కేంద్ర జలశక్తి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2009లో నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తం మీద దీర్ఘకాల సగటులో 78 శాతమే. సీజను లెక్క ముగిసి, కరవు సంవత్సరమని రాసుకున్నాక, అక్టోబరు 2న శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ ఆనకట్టను రూపొందించింది 19 లక్షలు తట్టుకునేలా. కర్నూలు మునిగింది. అలాంటి ఏడాదిని ఎప్పుడో ఒకసారి వచ్చేదని పక్కన పెట్టే రోజులు పోయాయి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ప్రపంచం మొత్తం మీద వాన మాత్రం డిగ్రీకి 2, 3 శాతమే పెరుగుతుంది. ఆవిరి వానగా మారేటప్పుడు వెలువడే వేడిని వాతావరణం అంతరిక్షంలోకి వదిలించుకోవాలి కదా, ఆ వేగం దాటి వాన పెరగలేదు. మోసే నీరు అంత పెరిగి, కురిసేది ఇంతే పెరిగితే, పైకి లేచే గాలి తగ్గక తప్పదు. ఉష్ణమండలంలో గాలి ప్రసరణ మందగిస్తుందనడానికి మూలం ఈ లెక్కే. పైగా ఎత్తున ఉన్న పొరలు నేల దగ్గరికన్నా ఎక్కువ వేడెక్కుతాయి, మేఘం లేవడమే కష్టమవుతుంది. లేచిందా, కుమ్మరిస్తుంది.

అన్నీ కంప్యూటర్ వాతావరణ నమూనాలు చెప్పినట్టే నడవడం లేదు. బలహీనపడాల్సిన పసిఫిక్ వాకర్ ప్రసరణ (ఆ సముద్రం మీద తూర్పు పడమరల మధ్య తిరిగే, ఎల్‌నినోతో ముడిపడ్డ గాలి చక్రం) 1980 తర్వాత కొన్ని దశాబ్దాలు బలపడింది. కాబట్టి ఒక్క ఎల్‌నినో సూచన పట్టుకుని సీజనంతటి నీటి పంపకం ఖాయం చేసేవారిని నమ్మకండి. మన దగ్గరి సంగతి ఇంతకన్నా స్పష్టం. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది, నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు 75 శాతం పెరిగాయి.

ఇక శ్రీశైలం. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు). 25 లక్షలంటే 216. జలాశయం 885 అడుగుల దగ్గర నిండితే పట్టేది దాదాపు అంతే! అందుకే భారీ వాన సూచన రాగానే ముందుగా కొంత ఖాళీ చేసి వరదకు చోటు ఉంచాలి. సెప్టెంబరులో నింపి ఉంచకపోతే రబీకి నీళ్లుండవన్న భయం న్యాయమైనదే. అయితే ఖాళీ చేయడమంటే గేట్లెత్తి సముద్రంలో కలపడం కాదు. రెండు గట్ల విద్యుత్కేంద్రాల గుండా 60 వేల క్యూసెక్కులు వదిలితే ఆరు రోజుల్లో 31 టీఎంసీల చోటు దొరుకుతుంది, కరెంటూ వస్తుంది. నాగార్జునసాగర్ నిండి ఉంటే మాత్రం ముందు దాన్నీ, దానికన్నా ముందు పులిచింతలనూ దించాలి. ఈ క్రమం తప్పితే పై నీరు కింద గేట్ల పాలే.

ఆ చోటు 2009 లాంటి వరదను ఆపదు. 25 లక్షలు వస్తూ 13 లక్షలు పోతుంటే ఏడు గంటల్లో నిండిపోతుంది. ఆ ఏడు గంటలు లోతట్టు కాలనీలను ఖాళీ చేయించడానికి. చిన్న వరదలకైతే అదే పెద్ద ఊరట.

ఇది జరగకపోవడానికి అసలు కారణం సాంకేతికం కాదు, ఖాతా. సూచన తప్పి వాన రాకపోతే ఆ 31 టీఎంసీలను తన రాష్ట్ర వాటాలో కోస్తారని ఏ ఇంజినీరూ ముందుగా నీరు వదలడు. అందుకని, భారత వాతావరణ శాఖ సూచన ఆధారంగా వరద చోటు కోసం వదిలిన నీటిని రెండు రాష్ట్రాల్లో ఎవరి వాటాలోనూ రాయకూడదని కృష్ణా నది యాజమాన్య బోర్డుకు ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి గురువారం ఆ శాఖ ఇచ్చే విస్తృత శ్రేణి సూచనను (రాబోయే కొన్ని వారాల వాన అంచనాను) జూరాల, తుంగభద్రల వైపు నుంచి రాబోయే టీఎంసీలుగా మార్చి ఆ సాయంత్రమే మూడు జలాశయాల ఇంజినీర్లకు పంపించండి. ఎంత ప్రవాహం అంచనాకు ఎన్ని అడుగులు దించాలో, ఆ నిర్ణయం ఏ హోదా అధికారిదో కాగితం మీద ఉండాలి. అర్ధరాత్రి ఫోన్ల మీద నడిచే పని కాదిది.

ఈ ఉత్తర్వు జూన్ 1 లోపు రావాలి.

ఇట్లు,
కృష్ణా పరీవాహకంలో వాతావరణం, జలాశయాల నిర్వహణ మీద పనిచేసే కొందరం