మీటరు దగ్గరే పడిపోతున్న కరెంటుకి నా లేత్ ఏం చేస్తుందండీ?

విద్యుత్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ ఏ అలమారలో ఉన్నాయో మీ ఆఫీసుకే తెలియాలి. నాకు మాత్రం నాలుగుసార్లూ ఒకటే మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది." పరిష్కరించిన ఆ మహానుభావుడెవరో చెబితే వెళ్లి ఒక దండం పెట్టుకుని వస్తాను.

ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్), ఒక డ్రిల్లింగ్ మిషన్, గ్రైండరు పెట్టుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక లేత్ స్విచ్ వేయాలంటే టెన్షనే. మోటారు 'ఊఁ' అని మూలుగుతుంది, స్పీడు మాత్రం అందుకోదు. బల్బు ఎర్రగా మారుతుంది. రెండు మూడు సెకన్లలో ఆపకపోతే వార్నిష్ కాలిన వాసన. ఒకసారి మోటారు లేవడానికి సాయపడే కండెన్సర్ ఉబ్బి పేలింది. ఇంకోసారి మోటారు విప్పితే రన్నింగ్ వైండింగ్ (తిరుగుతున్నంతసేపూ పనిచేసే తీగచుట్ట) నిగనిగలాడుతోంది, స్టార్టింగ్ వైండింగ్ (మొదట్లో లేపే తీగచుట్ట) బొగ్గయిపోయింది. మోటారు స్పీడు అందుకుంటేనే లోపలి స్విచ్ విడిపోయి స్టార్టింగ్ వైండింగ్‌ని పక్కకి తప్పిస్తుంది. అందుకోకపోతే, కొన్ని సెకన్ల పనికోసం చుట్టిన ఆ తీగ అలాగే ఉడికిపోతుంది.

"ప్రాబ్లం మీ మిషన్‌లోనే ఉంది" అన్నారు మీవాళ్లు. సరే, పెద్దల మాట ఎందుకు కాదనాలని నా వైపు నుంచే మొదలుపెట్టాను. బెల్టు తీసేసి చూశాను. ముక్కని పట్టుకునే చక్ చేత్తో తిప్పితే పువ్వులా తిరుగుతోంది. బేరింగులు మార్చాను, కొత్త కండెన్సర్ వేశాను, లోపలి స్విచ్ పాయింట్లు రుద్దాను. మీటరు నుంచి షెడ్డు దాకా, పట్టుమని పది మీటర్లు లేదు, నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైరు కొత్తగా లాగించాను. తర్వాత మా అబ్బాయిని మీటరు పక్క మెయిన్ దగ్గర నిలబెట్టి, నేను షెడ్డులో ఉండి, రెండు మల్టీమీటర్లతో ఒకేసారి కొలిచాం. ఏమీ వేయకముందు 188 వోల్టులు. లేత్ స్విచ్ వేయగానే వాడు "161" అని అరిచాడు. నా దగ్గర 157.

అంటే నా వైరు తిన్నది 4 వోల్టులు. మీ మీటరు దగ్గరికి రాకముందే పోయింది 27. స్విచ్ వేయకముందే రావాల్సిన 230లో 42 తక్కువ. అది వేరే లెక్క. 161 అంటే 230లో పదికి ఏడు వంతులు. వోల్టేజీ అంత తగ్గితే మోటారు లేచే బలం ఏడు వంతులు కాదు, సగానికే వస్తుంది. ఇది మీ ఇంజనీర్లకి నేను చెప్పాల్సిన పాఠం కాదు.

మీ లైన్‌మన్ వచ్చాడు, రాలేదని అనను. పొద్దున్న పదకొండింటికి వచ్చి, 232 చూసి, "బాగానే ఉందిగా సార్" అని రాసుకుని వెళ్లాడు. సాయంత్రం ఏడింటికి రమ్మంటే డ్యూటీ అయిపోతుందట. లో వోల్టేజీకి ఆ టైమింగులు ఎవరూ చెప్పినట్టు లేరు.

పోనీ స్టెబిలైజర్ పెట్టుకోమన్నారు. అది వోల్టేజీ పెంచాలంటే లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు గుంజాలి కదండీ. పక్కింటివాళ్ల ఫ్యాను ఆపి నా లేత్ తిప్పుకోమనా మీ సలహా? మధ్యలో ఒకరాత్రి మా వరసలో 270 దాటింది, ఎదురు వరసలో బల్బులు మిణుకుమిణుకుమన్నాయి. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులైతే జరిగేది అదే. ఫోన్ చేస్తే "మెయిన్ ఆఫ్ చేసి పడుకోండి" అన్నారు. పడుకున్నాం. రెండు ఎల్‌ఈడీ బల్బులు అప్పటికే పోయాయి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైందన్న కాగితం నా దగ్గరుంది. వీధి చివర రెండు స్తంభాలు పాతారు, అడ్డంగా ఇనప దిమ్మె కూడా బిగించారు. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ లేదు, కాకిగూడు ఉంది. పిల్లలు ఎగిరిపోయాయి కూడా. ఎప్పుడొస్తుందని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. నాలుగోసారి అడిగినప్పుడు కూడా అదే మాట, అదే గొంతు.

నేను సబ్సిడీ అడగట్లేదు. కాలిన మోటారుకి డబ్బులు కూడా అడగట్లేదు (అడిగినా ఇవ్వరు, తెలుసు). ఆ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించండి. అదెప్పటికి అవుతుందో తెలియకపోతే, కనీసం స్తంభం మీద జాయింట్లు, న్యూట్రల్ బిగించి చూడమని చెప్పండి. దయచేసి చెప్పండి. ఇంకెవరికి రాయాలో నాకు తెలియదు.

అన్నిటికంటే ముందు ఎవరో ఒకరిని సాయంత్రం ఏడింటికి పంపండి. మల్టీమీటరు వాళ్లే పట్టుకోవచ్చు, మీటరు దగ్గరే నిలబడొచ్చు. లేత్ స్విచ్ నేను వేస్తాను. రెండు సెకన్లకి మించి మాత్రం ఉంచను, మొన్ననే మళ్లీ వైండింగ్ చేయించాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(సర్వీసు నంబరు పాత నాలుగు అర్జీల మీదా ఉంది.)